పరదేశమున బండి నడుపవలెనన్న

జువ్వలదిన్నె, అల్లూరు, విడవలూరు, మైపాడు, ముత్తుకూరు, కోట, వాకాడు మొదలైన మన సముద్రతీర గ్రామములలో బండి నడుపుట వచ్చిన యువకులకు కొదువ లేదు. రొయ్యల గుంటలనుండి మంచుగడ్డల నడుమ సరుకు పేర్చుకొని పరుగెత్తు వ్యానులు, కృష్ణపట్నము రేవునకు పోయివచ్చు లారీలు, చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు పెద్దరోడ్డు, ఇవియే వారికి బడులు. చేతికి కొంత అనుభవము వచ్చిన పిమ్మట వారి చూపు సముద్రము దాటిపోవుట సహజము. నెల్లూరు, కడప జిల్లాలనుండి కువైటు మొదలైన గల్ఫు దేశములకు పనికై పోవుట ఎన్నో ఏండ్లుగా సాగుచున్నది. ఇంటి డ్రైవరు పని అక్కడ మనవారు ఎరిగిన పనులలో ఒకటి.

ఇంకొకవైపున, అమెరికాలోనో ఇంగ్లండులోనో స్థిరపడిన బిడ్డల యొద్దకు పోయి కొన్ని నెలలుండి వచ్చు తల్లిదండ్రులును కలరు. ఇక్కడ ముప్పది ఏండ్లు కారు నడిపిన పెద్దమనిషి అక్కడ పాలపొట్లమునకు కూడ కొడుకు తీరిక కొరకు ఎదురుచూడవలసి వచ్చిన, ఆయనకు ప్రాణము విసిగిపోవును.

వీరిరువురును ప్రయాణమునకు ముందు అడుగు ప్రశ్న ఒక్కటే: మన లైసెన్సు అక్కడ చెల్లునా? బజారులో ఇరువురికిని దొరకు జవాబును ఒక్కటే: 'ఇంటర్నేషనల్ లైసెన్సు తీసికొనుము, ఎక్కడనైనను చెల్లును.' ఈ మాట పెద్దమనిషి విషయమున సగము నిజము. గల్ఫునకు పనికి పోవు యువకుని విషయమున నిజము కానే కాదు. పొలము కుదువబెట్టియో, నగలు తాకట్టు పెట్టియో వీసాకు డబ్బు కట్టిన కుటుంబమునకు ఈ తేడా మిక్కిలి ప్రధానమైనది. కనుక దానిని కొంచెము వివరముగా విచారింతము.

మొదట తెలియవలసినదేమనగా, ప్రపంచమంతటను చెల్లు లైసెన్సు అనునది ఒకటి లేదు. మన రవాణాశాఖవారు ఇచ్చునది అంతర్జాతీయ డ్రైవింగు పర్మిట్టు. అది లైసెన్సు కాదు. మన లైసెన్సును ఇతర దేశముల పోలీసులు చదువుకొనుటకు వీలుగా, అందరికిని పరిచితమైన ఒక నమూనాలో, పలు భాషలలో చెప్పు సాక్ష్యపత్రము. అసలు లైసెన్సు పక్కన లేనిచో ఆ పత్రమునకు విలువ లేదు. దానిని ఇచ్చిన దేశములో అది చెల్లదు కూడ. నెల్లూరులో పుచ్చుకొన్న పర్మిట్టును గూడూరు రోడ్డుపై పోలీసువానికి చూపినందువలన ప్రయోజనము లేదు.

ఈ ఏర్పాటునకు శతాబ్దమునకు మించిన చరిత్ర కలదు. మోటారు బండ్లు దేశముల సరిహద్దులు దాటుట మొదలుపెట్టిన తొలి దినములలోనే, 1909లో పారిస్ నగరమున కొన్ని దేశములు కూడి ఒక ఒడంబడిక చేసికొన్నవి. 1926లో అక్కడనే మరియొకటి జరిగినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1949 సెప్టెంబరు 19వ తేదీన జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున రోడ్డు రవాణా ఒడంబడిక కుదిరినది. 1952 మార్చిలో అది అమలులోనికి వచ్చినది. భారతదేశము 1962లో దీనిని ధ్రువపరచినది. మనము నేడు పుచ్చుకొను పర్మిట్టు ఈ జెనీవా ఒడంబడికకు చెందినది. ఆ తరువాత 1968లో వియన్నాలో ఇంకొక ఒడంబడిక జరిగినది. దాని ప్రకారమిచ్చు పర్మిట్టునకు మూడేండ్ల వరకు గడువు ఉండవచ్చును. మన దేశము అందులో చేరలేదు. కాబట్టి ఇతర దేశస్థుడైన మిత్రుడు మూడేండ్ల పర్మిట్టు చూపి, 'నీకు ఏడాదికే ఇచ్చినారేమి?' అని అడిగిన, మనవాడు చిన్నపుచ్చుకొనవలసిన పనిలేదు. ఆ పత్రము వేరు, ఈ పత్రము వేరు.

జెనీవా నమూనా ప్రకారము పర్మిట్టు బూడిదరంగు అట్టగల చిన్న పుస్తకము. లోపలి కాగితములు తెలుపు. ఏ ఏ తరగతి బండ్లు నడుపవచ్చునో సూచించుటకు 'ఎ' మొదలు 'ఇ' వరకు అక్షరములుండును. గడువు ఒక సంవత్సరము. మన అసలు లైసెన్సు గడువు అంతకుముందే ముగిసిన, పర్మిట్టు కూడ దానితోనే ముగియును. దీనిని పొందుటకు నివాసప్రాంతపు రవాణాశాఖ కార్యాలయమునకు 4-ఎ నమూనాలో దరఖాస్తు చేసికొనవలెను. చెల్లుబాటగు లైసెన్సు, పాసుపోర్టు చూపవలెను. కేంద్ర మోటారు వాహనముల నిబంధనల ప్రకారము రుసుము 1,000 రూపాయలు. పూర్వము దరఖాస్తుతోపాటు వైద్యుని ధ్రువపత్రము, వీసా కూడ అడుగుచుండిరి. కొన్ని దేశములలో విమానము దిగిన తరువాతనే వీసా ఇచ్చుచుండగా ముందే దానిని చూపుమనుట అర్థము లేని పని గదా! 2021 జనవరిలో కేంద్రప్రభుత్వము ఆ రెండు షరతులను తొలగించి, విదేశమున ఉండగా గడువు తీరినవారు అక్కడి భారత రాయబార కార్యాలయము ద్వారా మరల దరఖాస్తు పెట్టుకొను వీలు కల్పించినది. 2022 ఆగస్టులో దేశమంతటికి ఒకే నమూనా నిర్ణయించి, పర్మిట్టును అసలు లైసెన్సుతో ముడిపెట్టు క్యూఆర్ గుర్తును దానిపై అచ్చువేయు ఏర్పాటు చేసినది. అంతకుముందు ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క ఆకారములో ఇచ్చుటచే కొన్ని దేశములలో మనవారు ఇబ్బంది పడుచుండిరి. రవాణాశాఖను దాటి, ఇంటర్నెట్టులో డబ్బు కట్టించుకొని 'పదేండ్ల ఇంటర్నేషనల్ లైసెన్సు' అని మెరుగు కార్డులు అమ్మువారు కూడ కలరు. జెనీవా పర్మిట్టు గడువు ఏడాదియే అని తెలిసినవాడు ఆ కార్డు కొనడు.

మన తీరపు డ్రైవర్లు ప్రత్యేకముగా గమనింపవలసిన అంశమొకటి పైన చెప్పిన అక్షరములలో దాగియున్నది. మన చట్టములో తేలికపాటి మోటారు బండి అనగా సరుకుతో కలిపి మొత్తము బరువు 7,500 కిలోలకు మించనిది. ఆ తరగతి లైసెన్సు గలవాడు అంత బరువు వరకుగల రవాణా బండిని కూడ నడుపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పి, 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ద్వారా ఆ మాటనే స్థిరపరచినది. కాబట్టి రొయ్యల సరుకు మోయు చిన్న లారీని కారు లైసెన్సుతో నడుపువాడు ఇక్కడ తప్పు చేయుట లేదు. కాని జెనీవా నమూనాలో 'బి' తరగతి హద్దు 3,500 కిలోలు. డ్రైవరు గాక కూర్చుండువారు ఎనిమిదిమందికి మించరాదు. ఆ బరువు దాటినచో అది లారీ, 'సి' తరగతి. ఆ సంఖ్య దాటినచో అది బస్సు, 'డి' తరగతి. పలు దేశముల సొంత చట్టములలో కూడ ఇదే హద్దు కనిపించును. కోటలో అయిదారేండ్లు చిన్న లారీ తోలినవాడు 'నేను లారీ డ్రైవరును' అని ఒప్పందముపై సంతకము చేసి, అక్కడకు పోయి తన కాగితములు చూపగా, ఆ కాగితముల లెక్కకు అతడు కారు డ్రైవరు మాత్రమే అని తేలవచ్చును. అందుచేత లారీ పనికి పోదలచినవాడు ఇక్కడనే భారీ రవాణా బండ్ల అధికారమును లైసెన్సులో చేర్పించుకొనవలెను. అది వెంటనే జరుగు పని కాదు. ముందుగా చూచుకొనవలెను.

ఇక ఏ దేశమున ఏమి చెల్లుననునది. దేశముల పేర్లు వల్లెవేయుటకంటె ఒక భేదము గుర్తుంచుకొనుట మేలు. మనము అక్కడకు అతిథిగా పోవుచున్నామా, నివాసిగా పోవుచున్నామా? ఒడంబడికలు, పర్మిట్టులు అన్నియు అతిథి కొరకు ఏర్పడినవి. నివాసి ఆ దేశపు లైసెన్సునే పొందవలెనని దాదాపు అన్ని దేశముల నియమము. ఎన్నాళ్లకు అతిథి నివాసి యగునో ఆ లెక్క మాత్రము ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరుగా ఉండును.

ఇంగ్లండులో మన లైసెన్సుతోనే, అక్కడ నివాసి అయిన దినమునుండి 12 నెలలు కారు నడుపవచ్చును. ఆ పిమ్మట అక్కడి తాత్కాలిక లైసెన్సు తీసికొని, వ్రాత పరీక్ష, నడక పరీక్ష రెండును ఇచ్చి నెగ్గవలెను. కొన్ని దేశముల లైసెన్సులను పరీక్ష లేకుండ మార్చి ఇత్తురు గాని ఆ జాబితాలో భారతదేశము లేదు. అమెరికాలో ఈ విషయము కేంద్రప్రభుత్వము చేతిలోనిది కాదు. ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రమే చట్టము. కాలిఫోర్నియాలో చూడవచ్చిన అతిథి, 18 ఏండ్లు నిండినవాడైన, సొంత దేశపు లైసెన్సుతో కారు నడుపవచ్చును. ఉద్యోగమునకై వచ్చి నివాసము ఏర్పరచుకొన్నవాడు మాత్రము 10 దినములలో ఆ రాష్ట్రపు లైసెన్సునకు దరఖాస్తు చేయవలెను. మన తెలుగువారు అధికముగా నున్న టెక్సాసులో ఈ గడువు 90 దినములు. కొడుకు లైసెన్సు తప్పనిసరిగా మార్చుకొనవలసియుండగా, అదే ఇంటిలో అతిథిగానున్న తండ్రి నెల్లూరు లైసెన్సుతో నడుపగలుగుట చూచువారికి వింతగా తోచును. కాని చట్టములో వింత లేదు. తండ్రి తిరిగిపోవువాడు. ఆయన పర్మిట్టు కూడ వెంట ఉంచుకొనుట మంచిది. అద్దెకు కార్లిచ్చు కంపెనీలు కొన్ని దానిని అడుగును.

జపాను జెనీవా ఒడంబడికలో చేరిన దేశము కావున అక్కడ మన పర్మిట్టు చెల్లును. పక్కనే ఉన్న చైనాలో అంతర్జాతీయ పర్మిట్టు ఎవరిదైనను చెల్లదు. అక్కడి అధికారులు ఇచ్చు లైసెన్సే కావలెను.

గల్ఫు విషయము దీర్ఘముగా చెప్పవలసియున్నది. పని వీసాపై పోయినవాడు అక్కడ అతిథి కాడు, నివాసి. అతనికి నివాసపు కార్డు వచ్చిన పిమ్మట అంతర్జాతీయ పర్మిట్టుతో బండి నడుపుట కుదరదు. దుబాయి మొదలైన ఎమిరేట్లలో కొన్ని దేశములవారి లైసెన్సులను మార్చి ఇత్తురు. మనది ఆ వరుసలో లేదు. మనవాడు అక్కడి డ్రైవింగు బడిలో చేరి, రుసుము కట్టి, పరీక్షలో నెగ్గవలెను. తప్పినచో మరల రుసుము కట్టవలెను. ఒప్పందములో ఈ ఖర్చు యజమానిదా, పనివానిదా అని వ్రాసియుండని యెడల, మొదటి నెలల జీతము దీనికే కరిగిపోవును.

కువైటు సంగతి ఇంకను ప్రత్యేకమైనది. అక్కడ పరదేశస్థులకు లైసెన్సు సులభముగా ఈయరు. 2010 తరువాతి దశకమున ఆ ప్రభుత్వము విధించిన షరతులలో రెండేండ్ల నివాసము, విశ్వవిద్యాలయ పట్టము, నెలకు 600 దినార్ల జీతము ఉండెను. ఇవి చూచిన మన డ్రైవర్లలో ఎవరికి లైసెన్సు దొరకును? డ్రైవరు ఉద్యోగముపై వచ్చినవానికి మాత్రము ఈ షరతులనుండి మినహాయింపు కలదు. కాని ఆ మినహాయింపు మనిషికి గాదు, ఉద్యోగమునకు. లైసెన్సు ఉద్యోగముతో ముడివడియుండును. పని మారినచో, లైసెన్సునకు ఆధారమే పోవును. పైగా ఇంటి డ్రైవరునకు ఇచ్చునది 20వ నెంబరు వీసా. అది వంటవారు, పిల్లలను చూచువారు మొదలైన ఇంటి పనివారి వీసా. కంపెనీ పనికి ఇచ్చునది 18వ నెంబరు వీసా. ఇంటి డ్రైవరు సాధారణ కార్మిక చట్టము క్రిందికి రాడు. అతనికి వర్తించునది 2015లో కువైటు చేసిన ఇంటి పనివారి చట్టము. వారమునకొక సెలవు దినము, పని గంటలకు హద్దు అందులో కలవు. '20వ నెంబరుపై రమ్ము, తరువాత కంపెనీ లారీ ఇప్పింతును' అని ఏజెంటు చెప్పిన, అతడు చట్టవిరుద్ధమైన పనికి రమ్మనుచున్నాడని అర్థము. అట్లు దొరికిపోయినవానిని స్వదేశమునకు పంపివేయుదురు. అప్పు మాత్రము ఇంటికడ అట్లే ఉండును. 2025 ఏప్రిల్ 22 నుండి అక్కడ కొత్త ట్రాఫిక్ చట్టము అమలులోనికి వచ్చినది. శిక్షలు, జరిమానాలు మునుపటికంటె చాల పెరిగినవి.

ఇక ఇక్కడ బయలుదేరుటకు కావలసిన అనుమతి ఒకటి కలదు. 1983 నాటి వలసల చట్టము ప్రకారము, పదవ తరగతి నెగ్గనివారి పాసుపోర్టు సాధారణముగా ఇ.సి.ఆర్. తరగతికి చెందును. వారు గల్ఫు దేశములతో సహా 18 దేశములకు పనిపై పోవలెనన్న ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అను అధికారి అనుమతి పొందవలెను. రాష్ట్ర విభజనకు ముందునుండియు మనవారికి ఈ కార్యాలయము హైదరాబాదున కలదు. ఇక్కడ ఒక చిత్రమున్నది. రవాణా బండి లైసెన్సునకు ఎనిమిదవ తరగతి చదువు ఉండవలెనను నిబంధనను 2019లో తొలగించినారు. చదువు లేని నేర్పరులకు అది న్యాయమే. కాని అట్లు లైసెన్సు పొందినవాడు విదేశమునకు పోవునప్పుడు అదే చదువు లేమి వలన ఇ.సి.ఆర్. తరగతిలో పడును. ఇది అడ్డంకి యని విసుగుకొనువారు కలరు. నా దృష్టిలో అది రక్షణ. ఒప్పందమును అధికారి చూచును. ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయల బీమా తప్పనిసరి అగును. రెండేండ్లకు ప్రీమియము 275 రూపాయలు మాత్రమే. లైసెన్సు పొందిన ఏజెంటు ఒక్కొక్కరినుండి 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. తప్ప అధికముగా పుచ్చుకొనరాదు. రసీదు ఈయవలెను. ఏజెంటునకు లైసెన్సు ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనను చూచుకొనవచ్చును. ఈ కాపుదలనంతటిని తప్పించుటకే కొందరు 'విజిట్ వీసాపై పొమ్ము, అక్కడ మార్పింతుము' అందురు. చూడబోవు వీసాకు అధికారి అనుమతి అవసరము లేదు గనుక విమానాశ్రయమున ఎవరును ఆపరు. అక్కడ దిగిన పిమ్మట అతనికి పనిచేయు హక్కు లేదు, డ్రైవరు లైసెన్సు పొందు హక్కు లేదు, బీమా లేదు. అప్పుడు ఆ యువకుడు చేతిలోని అంతర్జాతీయ పర్మిట్టు చూపి బండి ఎక్కును. బజారులో చెప్పిన ఆ జవాబు అతనిని ఇంతవరకు తెచ్చును.

లైసెన్సు లేకుండ బండి ఎక్కుటలోని అపాయము జరిమానాతో తీరునది కాదు. బండి యజమాని బీమా కట్టియున్నను, నడుపువానికి చెల్లుబాటగు లైసెన్సు లేనప్పుడు కంపెనీవారు సొమ్ము ఈయుటకు నిరాకరించుటయో, బాధితులకు ఇచ్చి దానిని తిరిగి రాబట్టుకొనుటయో పలు దేశములలో జరుగును. మన దేశమున కూడ న్యాయస్థానములు అట్టి తీర్పులిచ్చుట కలదు. గల్ఫు దేశములలో ప్రమాదమున మనిషి మరణించినచో మృతుని కుటుంబమునకు 'దియా' అను పరిహారధనము చెల్లింపవలసి వచ్చును. బీమా ఆదుకొనని డ్రైవరు దానిని తన జీతములో ఎన్నటికి తీర్చగలడు?

లైసెన్సు పరీక్షలో మనవారిని మొదట తికమకపెట్టునది రోడ్డుపై పక్క. మనము ఎడమ పక్క నడుపుదుము. ఇంగ్లండు, సింగపూరు, జపాను, ఆస్ట్రేలియాలలో కూడ అంతే. గల్ఫు దేశములలోను, అమెరికాలోను కుడి పక్క. స్టీరింగు ఎడమవైపున ఉండును. నేరుగా పోవు రోడ్డుపై ఇది కష్టము కాదు. నాలుగు రోడ్ల కూడలిలోను, ఖాళీ వీధిలో ఉదయమే బండి తీయునప్పుడును పాత అలవాటు చేతులను లాగును. ఒక దేశమంతయు పక్క మార్చుకొన్న సందర్భములును ఉన్నవి. స్వీడను 1967 సెప్టెంబరు 3వ తేదీన ఎడమనుండి కుడికి మారినది. ఒకప్పుడు మన తీరవాసులు ఓడలెక్కి పోయిన బర్మా 1970లో మారినది. అక్కడ రోడ్డు మారెను గాని బండ్లు మారలేదు. స్టీరింగు కుడివైపుననే ఉన్న పాత బండ్లతో కుడి పక్క నడుపుచు రంగూనువారు ఎన్నో ఏండ్లు గడపిరి. ముందు బండిని దాటునప్పుడు ఎదురుగా వచ్చునది కనబడక వారు పడిన అవస్థ ఊహింపవచ్చును.

కడపటి విషయము, తిరిగివచ్చువానికి సంబంధించినది. మన రవాణా బండ్ల లైసెన్సు గడువు 5 ఏండ్లు. రెండేండ్ల ఒప్పందము రెండు మూడు మారులు పొడిగించుకొన్నవాడు ఇంటికి వచ్చునప్పటికి ఇక్కడి లైసెన్సు మురిగిపోయి యుండును. కువైటు లైసెన్సు ఉద్యోగముతోనే పోయినది. ఇన్నేండ్లు పరుల కార్లు నడిపినవాడు సొంత ఊరిలో బండి ఎక్కుటకు అర్హత లేనివాడగును. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము గడువు తీరుటకు ఒక సంవత్సరము ముందునుండియు, తీరిన పిమ్మట ఒక సంవత్సరము లోపలను లైసెన్సును పునరుద్ధరించుకొనవచ్చును. ఆ సంవత్సరము కూడ దాటినచో మరల పరీక్షకు నిలువవలెను. కావున బయలుదేరువాడు పెట్టె సర్దుకొనునప్పుడే లైసెన్సుపైనున్న తేదీ చూచుకొనవలెను. గడువు ఏడాది లోపల ఉన్నచో ఇక్కడనే పునరుద్ధరించుకొని పోవలెను. మిగిలినవారు నడుమ సెలవుపై వచ్చునప్పుడు ఆ పని ముగించుకొనవలెను. అసలు లైసెన్సు వెంట ఉంచుకొని, దాని నకలు, వీసా నకలు, ఒప్పందపు నకలు, ఏజెంటు ఇచ్చిన రసీదు ఇంటిలో చదువ వచ్చినవారి చేతికి ఇచ్చి పోవలెను. ఆపద వచ్చినప్పుడు రాయబార కార్యాలయమువారు మొదట అడుగునవి ఆ కాగితములే.